మూత్రాశయ క్యాన్సర్‌కి యూరిన్ పరీక్ష: డబ్బా నుంచి రిపోర్టు దాకా నా అనుభవం

సైటాలజీ ల్యాబ్‌లో నా పని మూత్రంలో రాలిపడిన కణాలను పట్టి, రంగు వేసి, చూడడం. మూత్రాశయం లోపలి పొర నుంచి రోజూ కొన్ని కణాలు ఊడి మూత్రంతో పాటు బయటికి వస్తుంటాయి. ఆ పొరలో క్యాన్సర్ పుడితే దాని కణాలూ అలాగే వస్తాయి. పపానికొలావ్, మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు 1945లో ఈ సంగతి రాసి లోకానికి చెప్పారు. గర్భాశయ ముఖద్వారానికి చేసే పాప్ టెస్టులో ఉన్న ‘పాప్’ ఆ పపానికొలావే. స్లైడ్లకి మేం వేసే రంగులు ఇప్పటికీ ఆయన పద్ధతివే. ఇంత పాత పరీక్ష తప్పేది మైక్రోస్కోప్ దగ్గర తక్కువ, అంతకు ముందే ఎక్కువ. డబ్బా పట్టే తీరులో, ఫారం నింపే తీరులో, శాంపిల్ ఎండలో గడిపిన గంటల్లో తప్పుతుంది. అందుకే ఆ భాగమే ఎక్కువ రాస్తున్నాను.

మొదలయ్యేది సైటాలజీతో కాదు, సీయూఈతో, అంటే మామూలు పూర్తి మూత్ర పరీక్షతో. మన వైపు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు రాసే పరీక్ష అదే. అందులో మూత్రాశయ క్యాన్సర్‌కి సంబంధించి చూడాల్సిన గడి ‘ఆర్‌బీసీ’, అంటే ఎర్రకణాలు. చాలామంది ‘పస్ సెల్స్’ (చీము కణాలు) దగ్గర ఆగిపోతారు.

స్ట్రిప్ ముంచి చూసే పద్ధతిలో రక్తం గడి రంగు మారినంత మాత్రాన ఎర్రకణాలు ఉన్నట్టు కాదు. ఆ గడిలోని రసాయనం ఎర్రకణాన్ని గుర్తుపట్టదు. హీమోగ్లోబిన్‌లోని హీమ్ చేసే పనిని బట్టి రంగు మారుతుంది. కండరాలు దెబ్బతిన్నప్పుడు వచ్చే మయోగ్లోబిన్‌కీ మారుతుంది. శుభ్రం చేయడానికి వాడిన బెటాడిన్ కాస్త డబ్బాలో పడినా మారుతుంది. విటమిన్ సి మాత్రలు ఎక్కువగా మింగేవాళ్లలో రక్తం ఉన్నా రంగు మారకపోవచ్చు. మూత్రం మరీ పలచగా ఉంటే ఎర్రకణాలు పగిలిపోతాయి. అప్పుడు స్ట్రిప్ పాజిటివ్ అంటుంది, మైక్రోస్కోప్‌లో మాత్రం ఏమీ కనపడదు. అందుకని స్ట్రిప్ మాటని మైక్రోస్కోప్ ఒప్పుకోవాలి. ఒక్క హై పవర్ ఫీల్డులో (మైక్రోస్కోప్‌లో బాగా పెద్దది చేసి చూస్తే ఒక్కసారి కనిపించే మేరలో) 3 లేదా అంతకంటే ఎక్కువ ఎర్రకణాలు కనిపిస్తే అమెరికా యూరాలజీ సంఘం మార్గదర్శకాల ప్రకారం అది పట్టించుకోవాల్సిన రక్తమే. మన రిపోర్టుల్లో ‘4–6’ అని ఉంటే ‘కొంచెమే కదా’ అని పక్కన పెట్టేస్తుంటారు. అది కొంచెం కాదు.

రంగు చూసి కంగారుపడే సందర్భాలూ ఉన్నాయి. బీట్‌రూట్ తిన్న మర్నాడు మూత్రం ఎర్రగా రావచ్చు. టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్లకి నారింజ ఎరుపులో వస్తుంది, మంటకి ఇచ్చే పిరిడియం మాత్రతోనూ అంతే. ఫ్రిజ్‌లో పెట్టిన డబ్బా అడుగున గులాబీ రంగు పొడిలా పేరుకుంటే అది చాలాసార్లు యూరేట్ లవణం. డబ్బాని కాస్త వెచ్చబెడితే కరిగిపోతుంది. రక్తమైతే కరగదు.

బాగా బాధ కలిగించేది ఇన్ఫెక్షన్ పేరుతో గడిచిపోయే కాలం. ఆడవాళ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. ఎర్రకణాలు కనపడగానే యాంటీబయాటిక్ రాస్తారు, మంట తగ్గుతుంది, ఇక మళ్లీ పరీక్ష చేయించరు. ఆర్నెల్లకి మళ్లీ రక్తం, మళ్లీ మాత్రలు. చేయాల్సింది కష్టమైన పనేం కాదు. మందు మొదలుపెట్టే ముందే కల్చర్‌కి పంపాలి. కోర్సు పూర్తయ్యాక సీయూఈ మళ్లీ చేయించాలి. ఆర్‌బీసీ పోతే సరే. ఇంకా ఉంటే, లేదా కల్చర్‌లో అసలు క్రిములే పెరగకపోతే, యూరాలజిస్టుని కలవాలి. ఎర్రకణాలతో పాటు ప్రోటీన్ కూడా బాగా పోతుంటే, ఎర్రకణాల కాస్ట్‌లు (కిడ్నీ గొట్టాల్లో అచ్చుపోసినట్టు తయారైన ముద్దలు) కనపడితే, దారి వేరు. అది కిడ్నీ వడపోతలో ఉన్న జబ్బు కావచ్చు, నెఫ్రాలజిస్టు చూడాలి. ఇంకో మాట. రక్తం పలచబడే మందులు వాడుతున్నారు కాబట్టి రక్తం వస్తోందని సరిపెట్టుకోకూడదు. ఆ మందులు వాడేవాళ్లనీ మిగతా అందరిలాగే పరీక్షించాలి.

కంటికి కనిపించేంత రక్తం నొప్పి లేకుండా ఒక్కసారి వచ్చి ఆగిపోయినా సరే, అది పెద్ద ముప్పు కిందే లెక్క. అలాంటి మనిషికి యూరిన్ పరీక్షలతో కాలం గడపకూడదు. సిస్టోస్కోపీ చేసి, అంటే సన్నని కెమెరా గొట్టాన్ని మూత్రమార్గం గుండా పంపి, లోపల చూడాలి, కిడ్నీలకీ మూత్రనాళాలకీ స్కాన్ తీయాలి. రక్తం తనంతట తనే ఆగడం ఈ జబ్బులో మామూలే. గడ్డ మీది సన్నని రక్తనాళం ఒకటి తెగుతుంది, మూసుకుంటుంది. గడ్డ మాత్రం అక్కడే ఉంటుంది.

కంటికి కనపడని రక్తమే అయితే వయసు, పొగాకు, ఎర్రకణాల లెక్క మూడూ కలిపి ముప్పు తేలుస్తారు. అదే అమెరికా మార్గదర్శకాల్లో ఫీల్డుకి 25 దాటి ఎర్రకణాలు ఉన్నా, 30 ప్యాక్ ఇయర్లకి మించి సిగరెట్లు తాగి ఉన్నా, మగవాళ్లకి 60 ఏళ్లు వచ్చినా పెద్ద ముప్పు వర్గమే. ప్యాక్ ఇయర్ అంటే రోజుకి 20 సిగరెట్ల చొప్పున ఒక ఏడాది. రోజుకి 10 చొప్పున 30 ఏళ్లు తాగితే 15 ప్యాక్ ఇయర్లు. మధ్యస్థ ముప్పులో ఉండి సిస్టోస్కోపీ వద్దనుకునేవాళ్లకి అన్నీ వివరంగా చెప్పి, యూరిన్ సైటాలజీ గానీ రుజువైన యూరిన్ మార్కర్ (మూత్రంలో క్యాన్సర్ జాడ వెతికే వేరే పరీక్ష) గానీ చేసి, ఫలితాన్ని బట్టి నిర్ణయించుకోవచ్చని 2025లో చేసిన సవరణ చెప్పింది. అప్పుడు కూడా అల్ట్రాసౌండ్ మానకూడదు.

ఇక ఫారం. మా దగ్గరికి వచ్చే ఫారాల్లో ‘హెమటూరియా’ (మూత్రంలో రక్తం) అన్న ఒక్క మాట తప్ప ఏమీ లేనివి బోలెడు. దాంతో ఏం చేయాలి? పొగాకు సంగతి అడిగి రాయాలి, అదీ మన మనుషులకి అర్థమయ్యేలా అడగాలి. “సిగరెట్ తాగుతారా?” అంటే లేదంటారు. బీడీ, చుట్ట, హుక్కా పేరు పేరునా అడగాలి. శ్రీకాకుళం, విశాఖ తీరం వైపు నుంచి వచ్చిన పెద్దావిడని “అడ్డపొగ తాగుతావా అమ్మా?” అనే అడగాలి. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని తాగే ఆ అలవాటుని ఆవిడ ‘స్మోకింగ్’ అనుకోదు. బీడీలకి ప్యాక్ ఇయర్ లెక్క సరిగ్గా కుదరదు, కాబట్టి రోజుకి ఎన్ని, ఎన్నేళ్లుగా అని ఉన్నదున్నట్టు రాస్తే మేలు.

తర్వాత చేసిన పని. అద్దకం రంగులు, రబ్బరు, తోలు శుద్ధి పనులు ఎప్పుడో 20 ఏళ్ల కిందట మానేసినా రాయాలి. ఫ్రాంక్‌ఫర్ట్ సర్జన్ లుడ్విగ్ రెన్ 1895లోనే రంగుల కార్ఖానా కార్మికుల్లో మూత్రాశయ గడ్డలని గుర్తించాడు. బెంజిడిన్, నాఫ్తిలమిన్ లాంటి రసాయనాలు ఒంట్లో చేరి మూత్రంలోనే బయటికి పోతాయి, పోయే ముందు మూత్రాశయంలో గంటల తరబడి నిలుస్తాయి. పొగాకు పొగలోనూ ఉన్నవి ఆ జాతివే. సైక్లోఫాస్ఫమైడ్ అనే క్యాన్సర్ మందు వాడారా, పొత్తికడుపుకి రేడియేషన్ ఇచ్చారా, రాళ్లున్నాయా, క్యాథెటర్ (మూత్రం పైపు) ఉందా, మూత్రాశయ క్యాన్సర్‌కి వాడే బీసీజీ మందు మూత్రాశయంలో ఎక్కించారా, ఇవన్నీ ఫారంలో ఉండాలి. వీటిలో ప్రతిదీ కణాల రూపాన్ని మార్చేస్తుంది. రాయి ఒరుసుకుని ఊడిన కణాల గుంపు చూస్తే అనుభవం ఉన్న కన్ను కూడా తడబడుతుంది. రాయి ఉందని ముందే తెలిస్తే ఆ గుంపుని ఎలా చూడాలో తెలుస్తుంది.

శాంపిల్ పట్టించడం దగ్గర రోజూ ఒకే సంభాషణ.

“అమ్మా, పొద్దున లేవగానే వచ్చేది వద్దు. అది వదిలేయండి. రెండు గ్లాసుల నీళ్లు తాగి, అటూ ఇటూ తిరుగుతూ, రెండోసారి వచ్చింది పట్టండి.”

“అన్నిటికీ పొద్దుటిదే తెమ్మంటారు గదా బాబూ?”

“వేరే పరీక్షలకి అది మంచిదే. దీనికి పనికిరాదు. రాత్రంతా లోపల నిలవుండి కణాలు నానిపోతాయి, చూస్తే ఏమీ తెలీదు.”

మూత్రం పులుపు, ఉప్పు కలిసిన నీరు. అందులో ఆరేడు గంటలు నానిన కణం ఉబ్బి, అంచులు కరిగి, న్యూక్లియస్ (కణం మధ్యలోని కేంద్రకం) మసకబారుతుంది. అందుకే రెండోసారి వచ్చే మూత్రం. పరిమాణం కనీసం 30 మిల్లీలీటర్లు ఉండాలి. సీయూఈకి ఇచ్చే చిన్న ట్యూబులో 10 మిల్లీలీటర్లు పోసి సైటాలజీకి పంపితే దాంట్లో ఏమీ కనపడలేదన్న మాటకి విలువ లేదు. వెడల్పు మూతి ఉన్న శుభ్రమైన డబ్బా కావాలి. ఆడవాళ్లు ముందు నీళ్లతో కడుక్కుని, మొదటి ధార వదిలేసి పట్టాలి. లేకపోతే బయటి చర్మం కణాలే స్లైడంతా పరుచుకుంటాయి. నెలసరి రోజుల్లో వద్దు. సీటీ స్కాన్‌కి రంగు మందు ఎక్కించే రోజైతే దానికి ముందే పట్టాలి. ఒక్క శాంపిల్‌తో సరిపెట్టకుండా మూడు వేర్వేరు రోజులవి పంపితే దొరికే అవకాశం పెరుగుతుంది. మూడు రోజులవీ ఒకే డబ్బాలో కలిపి తెచ్చేవాళ్లున్నారు. అది మాత్రం చేయకూడదు.

పట్టిన గంటా రెండు గంటల్లో ల్యాబ్‌కి చేరితే అలాగే ఇవ్వొచ్చు. లేదంటే ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల దగ్గర ఉంచాలి. గడ్డకట్టే అరలో పెడితే కణాలు పగిలిపోతాయి. ఊరి నుంచి కలెక్షన్ సెంటర్ ద్వారా మర్నాటికి చేరే శాంపిల్ అయితే, ఎంత మూత్రం ఉందో అంతే 50 శాతం ఆల్కహాల్ కలిపి పంపాలి, కలిపినట్టు లేబుల్ మీద రాయాలి. ఏప్రిల్, మే నెలల్లో బండి డిక్కీలో నాలుగు గంటలు తిరిగి వచ్చిన డబ్బా మూత తీయగానే ఘాటు వాసన కొడుతుంది. క్రిములు పెరిగి యూరియాని అమ్మోనియాగా మార్చేసి ఉంటాయి. అప్పటికి కణాలు లేవు, వాటి శిథిలాలే ఉంటాయి. అలాంటిదాన్ని మళ్లీ పంపమనడమే న్యాయం. ‘ఏదో ఒకటి రాసివ్వండి’ అన్నా రాయకూడదు.

ల్యాబ్‌లో ముందు పరిమాణం, రంగు, మడ్డి రాసుకుంటాం. కోను అడుగున్న ట్యూబుల్లో పోసి సెంట్రిఫ్యూజ్‌లో 1500 ఆర్‌పీఎమ్ దగ్గర 10 నిమిషాలు తిప్పుతాం. పై నీరు ఒంపేసి, అడుగున మిగిలిన చుక్కని కలిపి స్లైడ్ మీద పరుస్తాం. సైటోస్పిన్ అనే యంత్రం ఉన్నచోట కణాలు చిన్న గుండ్రటి మచ్చలా ఒక్కచోట పడతాయి, వెతకడం తేలిక. రక్తం ఎక్కువున్న శాంపిల్‌ని అలాగే పరిస్తే స్లైడంతా ఎర్రకణాలే. కొద్దిగా ఎసిటిక్ ఆమ్లం కలిపి ఎర్రకణాలని పగలగొట్టి, మళ్లీ తిప్పాలి.

ఆ తర్వాతి రెండు మూడు సెకన్లు చాలా ముఖ్యం. పరిచిన స్లైడ్ తడి ఆరకముందే 95 శాతం ఆల్కహాల్‌లో పడాలి. ఆరిందంటే న్యూక్లియస్ పరుచుకుని పెద్దదిగా, వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. క్యాన్సర్ కాని కణం క్యాన్సర్‌లా, క్యాన్సర్ కణం ఏమీ కానట్టు అనిపించే ప్రమాదం అక్కడే ఉంది. కనీసం 15 నిమిషాలు ఆల్కహాల్‌లో ఉంచి, హీమటాక్సిలిన్, ఓజీ–6, ఈఏ–50 అనే రంగులు ఆ వరసలో వేస్తాం. హీమటాక్సిలిన్‌ని రోజూ వడకట్టాలి. మూత్రం కణాలు స్లైడ్‌కి గట్టిగా అంటుకోవు, రంగు జాడీల్లో ఊడిపడతాయి. ఒకరి క్యాన్సర్ కణాలు తేలుతూ వచ్చి ఇంకొకరి స్లైడ్‌కి అంటుకుంటే జరిగే నష్టం ఊహించుకోండి. అందుకే అనుమానం ఉన్న స్లైడ్లని చివర్న వేసి, ఆ తర్వాత జాడీలు మారుస్తాం.

మైక్రోస్కోప్ కింద మామూలు పై పొర కణాన్ని అంబ్రెల్లా సెల్ అంటాం. అది పెద్దగా, పలచగా, అట్టు మధ్యలో రూపాయి బిళ్ల పెట్టినట్టు ఉంటుంది. ఒక్కోసారి రెండు బిళ్లలు. దూకుడుగా పెరిగే హై గ్రేడ్ క్యాన్సర్ కణం దానికి పూర్తిగా వేరు. ఈతపండు ఒలిస్తే గింజే అంతా ఉండి పైన సన్నటి గుజ్జు ఉంటుంది చూశారా, అచ్చం అలా. న్యూక్లియస్ సిరాచుక్కలా నల్లగా ఉంటుంది. దాని అంచు నున్నగా ఉండదు, అక్కడక్కడా నొక్కుకుపోయి, కోసుకుపోయి ఉంటుంది. లోపలి పదార్థం ముద్దలు ముద్దలుగా కనిపిస్తుంది. యూరిన్ సైటాలజీ రిపోర్టు ఎలా రాయాలో చెప్పే, 2016లో వచ్చి 2022లో సవరించిన పారిస్ పద్ధతి దీనికి అంకెలు పెట్టింది. కణం మొత్తంలో న్యూక్లియస్ వాటా 0.7 గానీ ఆపైన గానీ ఉండి, నలుపూ, అంచు వంకర లేదా ముద్దలూ తోడైతే హై గ్రేడ్ వైపు. అలాంటివి కనీసం 5–10 కణాలు కనిపిస్తేనే తేల్చి చెబుతాం. అంతకంటే తక్కువైతే ‘సస్పీషియస్’ (అనుమానం ఉంది) అంటాం. వాటా 0.5 దాటి లక్షణాలు అరకొరగా ఉంటే ‘ఎటిపికల్’ (మామూలుగా లేవు, తేల్చలేం).

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లలో బీకే వైరస్ చేరిన కణాలు కూడా న్యూక్లియస్ ఉబ్బి నల్లగా కనిపిస్తాయి. తేడా ఏమిటంటే వాటి లోపలి పదార్థం ముద్దలుగా కాక, గాజు మీద మసి పట్టినట్టు ఒకే తీరున ఉంటుంది, అంచు నున్నగా ఉంటుంది. వాటిని డీకాయ్ సెల్స్ అంటారు. మార్పిడి సంగతి ఫారంలో రాస్తే ఒక మనిషికి అనవసరమైన భయం తప్పుతుంది.

రిపోర్టులో అందరూ తప్పుగా చదివే వాక్యం ‘నెగటివ్ ఫర్ హై గ్రేడ్ యూరోథీలియల్ కార్సినోమా’. యూరోథీలియల్ కార్సినోమా అంటే మూత్రాశయం లోపలి పొరలో పుట్టే క్యాన్సర్. దీనర్థం క్యాన్సర్ లేదని కాదు. దూకుడుగా పెరిగే హై గ్రేడ్ రకం కణాలు ఈ శాంపిల్‌లో కనపడలేదని. నెమ్మదిగా పెరిగే లో గ్రేడ్ గడ్డ ఉన్నా ఇదే మాట రావచ్చు. ఆ గడ్డ కణాలు మామూలు కణాలలాగే ఉంటాయి, ఒకదానికొకటి గట్టిగా పట్టుకుని ఉండి సులువుగా రాలవు. ఆ పరిమితిని ఒప్పుకునే పారిస్ పద్ధతి ప్రాణానికి ముప్పు తెచ్చే హై గ్రేడ్ మీద దృష్టి పెట్టింది. ఇది సరైన నిర్ణయమని నా అభిప్రాయం. కానీ ఆ సంగతి రోగికి విడమరిచి చెప్పేవాళ్లు కావాలి. కంటికి రక్తం కనిపించిన మనిషి ఈ రిపోర్టు పట్టుకుని ‘ఏమీ లేదట’ అని ఇంటికి వెళ్లిపోతే పరీక్ష మేలు చేయకపోగా కీడు చేసినట్టే.

సైటాలజీ కాక ఇతర యూరిన్ పరీక్షలూ ఉన్నాయి. ఎన్‌ఎంపీ22 కార్డు గర్భ పరీక్ష కార్డులాంటిదే. నాలుగు చుక్కలు వేసి 30 నుంచి 50 నిమిషాల మధ్యలో గీత చూడాలి. చచ్చిన కణాల న్యూక్లియస్‌ల నుంచి వచ్చే ప్రోటీన్ కోసం వెతుకుతుంది కాబట్టి ఇన్ఫెక్షన్, రాళ్లు, ఈమధ్య లోపలికి పెట్టిన పైపు, అన్నిటికీ పాజిటివ్ రావచ్చు. బీటీఏ పరీక్షకి రక్తమే శత్రువు. అది వెతికే ప్రోటీన్‌ని పోలినది మన రక్తంలో మామూలుగానే ఉంటుంది. ఫిష్ పరీక్ష ఖరీదైనది, కానీ సైటాలజీ ‘ఎటిపికల్’ దగ్గర ఆగినప్పుడు ఉపయోగపడుతుంది. 3, 7, 17 క్రోమోజోములు ఎక్కువయ్యాయా, 9వ దాంట్లో 9పీ21 అనే ముక్క పోయిందా అని రంగు చుక్కలు లెక్కపెడతారు. రూపం మారిన కణాలు 25 చూడాలి. వాటిలో కనీసం 4 కణాల్లో రెండు గానీ అంతకు మించి గానీ క్రోమోజోములు పెరిగి ఉంటే పాజిటివ్. లేదా కనీసం 12 కణాల్లో ఆ ముక్క జంటలోని రెండు క్రోమోజోముల్లోనూ పోయి ఉన్నా పాజిటివే. ఎంఆర్‌ఎన్‌ఏ కొలిచే కొత్త పరీక్షలకి వాటితో వచ్చే ప్రత్యేక ట్యూబే వాడాలి. మామూలు డబ్బాలో పట్టి తెస్తే ఆర్‌ఎన్‌ఏ దారిలోనే కరిగిపోతుంది.

గడ్డ తీయించుకున్నవాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు సైటాలజీ విలువ పెరుగుతుంది. సిస్టోస్కోపీ చేస్తూ సెలైన్‌తో కడిగి తీసిన ‘బ్లాడర్ వాష్’లో కణాలు ఎక్కువగా, తాజాగా ఉంటాయి. అది వాష్ అని డబ్బా మీద రాయకపోతే మాత్రం, నీటి ఒత్తిడికి ఊడివచ్చిన మామూలు కణాల గుంపులని మేం గడ్డ ముక్కలని పొరబడొచ్చు. పైపుకి రాసే జెల్లీ శాంపిల్‌లో ఎక్కువ పడితే ఊదా రంగు ముద్దలై కణాలని కప్పేస్తుంది. బీసీజీ ఎక్కించిన కొన్ని వారాల దాకా వాపు కణాలు విపరీతంగా ఉంటాయి. ఎక్కించిన తేదీ రాయండి.

చివరగా, సైటాలజీలో హై గ్రేడ్ అని వచ్చి, సిస్టోస్కోపీలో మూత్రాశయం శుభ్రంగా కనిపించే కేసులు. ఇక్కడ చాలామంది మా రిపోర్టునే అనుమానిస్తారు. అనుమానించాల్సిందే, అందుకే స్లైడ్లు ఇంకో పాథాలజిస్టుకి చూపిస్తాం. ఆయనా అదే మాటంటే రిపోర్టుని పక్కన పెట్టే హక్కు ఎవరికీ లేదు. కార్సినోమా ఇన్ సిటు అనే రకం క్యాన్సర్ గడ్డలా పైకి లేవదు. పొరలోనే పరుచుకుని, కాస్త ఎర్రటి మచ్చలా ఉండి మామూలు వెలుగులో కంటికి చిక్కకపోవచ్చు. కానీ దాని కణాలు ఒకదాన్నొకటి పట్టుకోలేక తేలిగ్గా రాలి మూత్రంలోకి వస్తాయి, సైటాలజీకి దొరుకుతాయి. అప్పుడు మూత్రాశయంలో వేర్వేరు చోట్ల బయాప్సీ తీస్తారు, వీలుంటే నీలి వెలుగుతో చూస్తారు. మగవాళ్లలో ప్రొస్టేట్ గుండా పోయే మూత్రమార్గాన్నీ చూస్తారు. సీటీ యూరోగ్రామ్ (రంగు మందుతో కిడ్నీలనీ మూత్రనాళాలనీ చూసే స్కాన్) తీస్తారు. కుడి, ఎడమ మూత్రనాళాల నుంచి విడివిడిగా మూత్రం పట్టి పంపుతారు. ఆ రెండు డబ్బాల మీద కుడి ఏదో, ఎడమ ఏదో స్పష్టంగా రాయాలి. మూతల మీద కాదు, డబ్బాల మీదే. మూతలు తారుమారవుతాయి.